పరీక్ష గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు

అందరికీ నమస్కారం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎందుకొస్తుందో ఈ గదిలో ఉన్న ఆరోగ్య సిబ్బందికి నేను చెప్పనక్కర్లేదు. హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్‌లో ఎన్నో రకాలున్నా 16, 18 అనే రెండే దాదాపు 70 శాతం కేసులకు మూలం. ఒంట్లో రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న మనిషిలో వైరస్ తగులుకున్నాక క్యాన్సర్ దాకా పోవడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు అందని వాళ్లలో 5 నుంచి 10 ఏళ్లు. మనకు ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు అరుదు. అయినా 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద సుమారు 6,60,000 మందికి కొత్తగా వచ్చింది, దాదాపు 3,50,000 మంది చనిపోయారు. పరీక్ష ఉంది, తొలి దశలోనే తుడిచేసే వైద్యం ఉంది, మనిషి మాత్రం రావడం లేదు. ఆ రాకపోవడం గురించే ఇవాళ నా మాట.

ముందు ఒక మాటను పక్కన పెడదాం. ‘అవగాహన లేదు’ అంటుంటాం. ఆ మాట మనకు సుఖంగా ఉంటుంది. తప్పు ఆవిడ మీదికి పోతుంది, మన పని నాలుగు కరపత్రాలు అచ్చు వేయడంతో తీరిపోతుంది. రాని మనిషిని కూర్చోబెట్టి నిదానంగా అడిగి చూడండి. ఆవిడ లెక్క వేసుకునే మానేసింది. తక్కెడలో ఒకవైపు సగం రోజు పని పోవడం, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు బట్టలు తీయడం, నొప్పి, అక్కడ ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే పుట్టే ప్రశ్నలు, తీరా ఏదైనా బయటపడితే ఇంట్లో జరగబోయేది. రెండోవైపు ఎప్పుడో వస్తుందో రాదో తెలియని జబ్బు. ఆ తూకం చూస్తే రాకపోవడమే తెలివైన పని. ఆవిడ తూకం తప్పు కాదు. మొదటి తట్టలో ఉన్న రాళ్లలో చాలావరకు మనం పెట్టినవే.

ఈ తలనొప్పి కొత్తది కాదు. 1950లలో అమెరికాలో క్షయ కనిపెట్టడానికి ఎక్స్‌రే బళ్లను ఇళ్ల దగ్గరికే పంపారు. పైసా అడగలేదు. అయినా చాలామంది రాలేదు. ఎందుకు రాలేదో తేల్చమని అక్కడి ప్రజారోగ్య శాఖ మనస్తత్వవేత్తలను పెట్టుకుంది. మీరు చదువుకున్న హెల్త్ బిలీఫ్ మోడల్, అంటే జబ్బు గురించి మనిషి నమ్మకాలను బట్టి ఏం చేస్తాడో చెప్పే సిద్ధాంతం, అలా పుట్టిందే. ఉచితమూ, దగ్గరా అయినంత మాత్రాన జనం రారని అప్పుడే తేలింది.

అలాగని భయపెడితే వస్తారా? 1965లో మనస్తత్వవేత్త హోవర్డ్ లెవెంతాల్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో కొందరికి ధనుర్వాతం గురించి ఒళ్లు జలదరించే రాతలు, బొమ్మలు చూపించారు, కొందరికి మామూలుగా చెప్పారు. భయపడ్డవాళ్లు ‘అవును, టీకా వేయించుకోవాల్సిందే’ అన్నారు. కానీ వెళ్లి వేయించుకున్నది దాదాపు 3 శాతమే. ఇంకో గుంపుకి ఆ మాటలతో పాటు ఒక పటం ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తు పెట్టి, నీ తరగతుల మధ్య ఏ వేళకు వెళ్తావో చూసుకో అన్నారు. ఆ గుంపులో 28 శాతం వెళ్లారు. వాళ్లకు ఆ కేంద్రం ఎక్కడుందో ముందే తెలుసు, గమనించండి. కొత్త సమాచారమేమీ అందలేదు. ‘వెళ్లాలి’ అనే మాట ‘ఫలానా రోజు ఫలానా వేళకు’ అయింది, అంతే.

మన పరీక్షకు కూడా ఇది పనిచేసింది. 2000లో షీరన్, ఆర్బెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండ్‌లో ముఖద్వార పరీక్షకు పిలుపు అందిన స్త్రీలలో కొందరిని, అపాయింట్‌మెంట్ ఎప్పుడు, ఎక్కడ, ఎలా తీసుకుంటారో కాగితం మీద రాయమన్నారు. రాసినవాళ్లలో 92 శాతం వచ్చారు, రాయనివాళ్లలో 69 శాతం. చిన్న అధ్యయనమే, కానీ అందులో ఖర్చు చూడండి: ఒక కలం, ఒక కాగితం. మీరు ఇంటింటికీ తిరిగినప్పుడు ‘తప్పకుండా రావాలమ్మా’ అని చెప్పి వచ్చేయకండి. ‘ఏ రోజు మీకు వీలు? ఆ పూట పిల్లల్ని ఎవరు చూసుకుంటారు? ఎవరితో వస్తారు?’ అని మూడు ప్రశ్నలడిగి, జవాబులు ఆవిడ నోటితోనే చెప్పించండి. రెండో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆవిడ రాదు. ఆ సంగతి ముందే తెలుస్తుంది కాబట్టి అక్కడే ఏదో ఒక దారి చూడొచ్చు.

సరే, ఇక ఆవిడ చెప్పే కారణాలు. ‘నాకేం లేదు కదా, నాకెందుకు?’ అన్నది అన్నిటికన్నా ఎక్కువ వినపడేది. దీనికి ‘ఇప్పుడు లేదు, రేపు రావచ్చు’ అంటే శాపనార్థంలా ఉంటుంది. ‘ఏమీ లేనప్పుడు చేసే పరీక్షే ఇది’ అనండి. స్క్రీనింగ్ అంటే అదే. క్యాన్సర్‌కు ముందు దశలో నొప్పి ఉండదు, తెల్లబట్ట ఉండదు, రక్తం కనపడదు. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నెలసరి మధ్యలోనో, కలయిక తర్వాతో, ముట్లు ఆగిపోయాకో రక్తం కనపడుతోందని వచ్చిన మనిషిని కూడా తీసుకెళ్లి స్క్రీనింగ్ వరుసలో నిలబెడతారు. ఆవిడకు కావాల్సింది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. నేరుగా స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపాలి. స్క్రీనింగ్‌లో ఏమీ లేదని వచ్చిందని ఆవిడ నిశ్చింతగా ఇంట్లో కూర్చుంటే అది మన తప్పు.

‘మా వంశంలో ఎవరికీ లేదు’ అంటారు. ఇది వంశాన్ని పట్టి వచ్చేది కాదు, వైరస్‌ను పట్టి వచ్చేది. ‘పిల్లలు పుట్టడం అయిపోయింది, వయసైపోయింది, ఇంకా నాకెందుకు’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి మొదలుపెట్టి 5 నుంచి 10 ఏళ్లకొకసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోమంటోంది, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లయితే 25 నుంచి, 3 నుంచి 5 ఏళ్లకొకసారి. 50 దాటాక వరసగా రెండు సార్లు ఏమీ లేదని వస్తేనే ఆపేది. ‘నాకు గర్భసంచి తీసేశారు’ అన్నవాళ్లను వెంటనే జాబితాలోంచి కొట్టేయకండి. కొన్ని ఆపరేషన్లలో పైభాగం తీసి ముఖద్వారాన్ని ఉంచేస్తారు. ఆ సంగతి ఆవిడకే తెలియకపోవచ్చు, కాగితాలు చూడాలి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికొద్దాం. ఈ వైరస్ కలయిక ద్వారా వస్తుంది. ఆ ఒక్క వాక్యం విన్న క్షణం నుంచి ఆరోగ్య పరీక్ష కాస్తా శీల పరీక్ష అవుతుంది. పరీక్షకు వెళ్లడమంటేనే తన మీద తాను అనుమానం ఒప్పుకున్నట్టు. పెళ్లికాని అమ్మాయి అయితే నోరే పెగలదు. భర్త పోయిన ఆవిడ ‘ఇప్పుడు నాకెందుకిది’ అనుకుంటుంది, అడిగితే ఎవరేమనుకుంటారోనని అడగదు. ఒకే మనిషితో కాపురం చేసిన ఆవిడ, ఇది తనలాంటివాళ్ల జబ్బు కాదని నిజాయితీగా నమ్ముతుంది.

దీనికి మందు వైరస్ సంగతి దాచడం కాదు. దాచితే ఫలితం రోజున ఇంకెక్కడో వింటుంది, మన మీద నమ్మకం పోతుంది. పూర్తిగా చెప్పాలి. దాంపత్య జీవితం మొదలైన వాళ్లలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి జాడ లేకుండా ఉండి తర్వాత బయటపడుతుంది. కాబట్టి ఇవాళ పరీక్షలో కనపడితే అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ఈ చివరి వాక్యాన్ని మాత్రం తడుముకోకుండా చెప్పడం అలవాటు చేసుకోండి. ఎందుకంటే ‘ఎవరి వల్ల వచ్చింది?’ అని అడిగి తీరతారు. అప్పుడు మీరు ఒక్క క్షణం తటపటాయించినా ఆ మౌనాన్నే జవాబుగా తీసుకుంటారు. ‘మీ ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమనండి’ అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మగవాళ్లకు హెచ్‌పీవీ స్క్రీనింగ్ పరీక్ష ఏదీ లేదు. ఆ సలహాతో ఇంట్లో గొడవ తప్ప ఇంకేమీ తేలదు.

భాష చేసే కీడు ఇంకొకటి. హెచ్‌పీవీ అన్న మాట చెవికి హెచ్‌ఐవీలా వినిపిస్తుంది. దాని పక్కన ‘పాజిటివ్’ చేర్చారంటే ఆ తర్వాత మీరు చెప్పేదేదీ ఆవిడకు ఎక్కదు. కళ్లు మన మీదే ఉంటాయి, మనసు ఇంటికెళ్లిపోతుంది. అందుకని ‘పాజిటివ్’తో మొదలుపెట్టకండి. ఇలా చెప్పి చూడండి: ‘అమ్మా, ఇది క్యాన్సర్ ఉందో లేదో చెప్పే పరీక్ష కాదు. ఒక వైరస్ జాడ ఉందా అని చూసేది. మీకు ఉందని వచ్చింది. చాలామందికి వచ్చి వాళ్లకు తెలియకుండానే పోతుంది. మీకు దానివల్ల అక్కడ ఏమైనా మార్పు మొదలైందా అని ఒకసారి చూస్తే సరిపోతుంది. మార్పు ఉంటే ఆ కాస్త చోటుకే వైద్యం చేస్తారు, మామూలుగా గర్భసంచి తీసే పని ఉండదు.’ చెప్పి ఆగండి. ఆవిడ అడిగే వరకు ఆగండి. ఆ మౌనం మనకు ఇబ్బందిగా ఉంటుందని గబగబా మాటలతో నింపేస్తాం, అక్కడే చెడుతుంది.

గదిలోకి వద్దాం. సిగ్గు అనేది ఆవిడ గుణం అన్నట్టు మాట్లాడతాం గానీ, సిగ్గును చాలావరకు గదే తయారుచేస్తుంది. బల్ల కాళ్ల వైపు తలుపుకు ఎదురుగా ఉందా చూడండి. ఉంటే ముందు దాన్ని తిప్పండి. తలుపుకు లోపలి గడియ ఉందా? బట్టలు మార్చుకోవడానికి వేరే మూల, తీసినవి పెట్టుకోవడానికి కుర్చీ, కప్పుకోవడానికి దుప్పటి ఉన్నాయా? పేరు, దాంతో పాటు పరీక్ష పేరు, బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా కేకేస్తున్నామా? బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘క్యాన్సర్ పరీక్ష’ అని ఉంటే ఆ గుమ్మం తొక్కడానికే పది మంది జంకుతారు. మామూలు స్త్రీల ఆరోగ్య విభాగంలోనే, ఇతర పరీక్షలతో కలిపి చేస్తే ఎవరు ఎందుకొచ్చారో ఎవరికీ తెలియదు.

ముఖద్వారం కనపడేలా యోనిని తెరిచి పట్టే పరికరం, స్పెక్యులమ్ సంగతి. ఆ లోహపు చప్పుడు ట్రేలో వినపడగానే తొడల కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకున్నాక ఏ సైజు వాడినా నొప్పే. ముందే చేతికిచ్చి చూపించండి, ఎలా తెరుచుకుంటుందో చూడనివ్వండి. సరిపోయే వాటిల్లో చిన్నది తీసుకోండి. గోరువెచ్చని నీళ్లలో తడపండి. కావాలంటే తానే లోపలికి పెట్టుకోవచ్చని చెప్పండి, కొందరు నిజంగానే అదే కోరుకుంటారు. ‘ఆపండి అంటే ఆపేస్తాను’ అని మొదలుపెట్టకముందే చెప్పండి, అంటే ఆపండి. ఒక్కసారి ఆపకపోతే ఆవిడ మళ్లీ రాదు, చెల్లెల్నీ రానివ్వదు. ‘ఒళ్లు వదులు చేయమ్మా’ అని పదే పదే అంటే ఎవరూ వదులు చేయలేరు. ఊపిరి మెల్లగా బయటికి వదలమంటే ఒళ్లు తానే వదులవుతుంది. వీఐఏ, అంటే యాసిడ్ పూసి ముఖద్వారాన్ని కంటితో చూసే పరీక్ష, చేసేటప్పుడు 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్ పూసి ఒక నిమిషం ఆగాలి కదా, కాస్త చురుక్కుమంటుందని ముందే చెప్పండి. చెప్పని చురుకు మంటలా అనిపిస్తుంది. ముట్లు ఆగిన వాళ్లలో లోపల పొడిగా ఉంటుంది, చూడాల్సిన చోటు లోపలికి జరిగిపోతుంది. వాళ్లకు వీఐఏ సరైన పరీక్ష కాదు. నొప్పీ మిగులుతుంది, ఫలితమూ నమ్మలేం.

గతంలో లైంగిక హింసకు గురైన మనిషి ఆ బల్ల మీద పడుకుంటే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పాలి. ఏమీ మాట్లాడదు, చెప్పినట్టు చేస్తుంది, చూపు పైకప్పు మీద ఉంటుంది. దాన్ని సహకారం అనుకుంటాం. అలాంటప్పుడు చేతులు వెనక్కి తీసుకుని, దుప్పటి కప్పి, మాట కలపండి. ఎవరేం చేశారని ఆరా తీయడం మన పని కాదు. ‘ఇలాంటి పరీక్షలు ఇంతకు ముందు ఎప్పుడైనా ఇబ్బంది పెట్టాయా?’ అని అందరినీ అడిగే ప్రశ్నగా అడిగితే చాలు. ఆ తర్వాత బల్ల అవసరం లేని దారి చూపించొచ్చు.

ఆ దారే స్వయంగా నమూనా తీసుకోవడం. నా దృష్టిలో ఈ యాభై ఏళ్లలో సిగ్గుకు దొరికిన అన్నిటికన్నా మంచి జవాబు ఇది. వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే పీసీఆర్ పద్ధతిలో చేసే హెచ్‌పీవీ పరీక్షకు, తాను తీసుకున్న నమూనా వైద్యులు తీసినదానికి ఏమీ తీసిపోదు. చేతులు కడుక్కోవాలి. ఒక కాలు కాస్త ఎత్తులో పెట్టి నిలబడొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పడుకోవచ్చు. కొసను ముట్టుకోకుండా బ్రష్‌నో పుల్లనో పట్టుకుని, గుర్తు ఉన్నంత వరకు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు, మెల్లగా లోపలికి పోనివ్వాలి. కిట్‌ను బట్టి 10 నుంచి 30 సెకన్లు తిప్పాలి. తీసి గొట్టంలో పెట్టి మూత బిగించాలి. ముఖద్వారం ఎక్కడుందో వెతకనక్కర్లేదు.

చెడేది ఎక్కడ? గొట్టంలో ద్రవం ఒలికిపోవడం, పుల్ల కింద పడడం, కొస చేతికి తగలడం, గొట్టం మీద పేరు రాయకపోవడం. ఇవన్నీ మామూలు పొరపాట్లు. మనసులో తిరిగే భయాలు రెండు: ‘లోపల తప్పిపోతుందేమో’, ‘సరిగ్గా చేశానో లేదో’. మొదటిదానికి జవాబు: యోని పైన మూసుకునే ఉంటుంది, ఏదీ కడుపులోకి పోదు. రెండోదానికి: నమూనాలో కణాలు అందకపోతే చాలా పరీక్షలు తామే పట్టుకుంటాయి, ‘ఫలితం తేలలేదు, మళ్లీ తీయండి’ అని వస్తుంది. ఈ మాట ముందే చెప్పండి. లేకపోతే ‘తేలలేదు’ అన్నదాన్ని ‘ఏదో ఉంది, నాకు చెప్పడం లేదు’ అని చదువుకుంటారు. ఇంకో సంగతి, ఫలితంలో వైరస్ ఉందని వస్తే ఆ తర్వాత పరీక్షకు రాక తప్పదు. దీన్ని దాచిపెట్టి ‘ఇంట్లోనే అయిపోతుంది’ అని ప్రచారం చేస్తే రెండో మెట్టు దగ్గర మనిషి జారిపోతుంది.

ఇంట్లో అనుమతి. తన ఒంటి విషయంలో తానే నిర్ణయం తీసుకునే వీలు అందరికీ లేదు. భర్తో, అత్తగారో, డబ్బు చేతిలో ఉన్నవాళ్లో సరేననాలి. వాళ్లను శత్రువులుగా చూడకుండా, ఆవిడకు ఇష్టమైతేనే మాట్లాడండి. మాట్లాడేటప్పుడు వైరస్ వివరాలతో మొదలుపెట్టకండి. ‘ఈ వయసు దాటిన ఆడవాళ్లందరికీ చేసే పరీక్ష’ అన్న మాటలో ‘అందరికీ’ అన్నదే ఆ ఇంట్లో ఆవిడకు రక్షణ.

ఫలితం ఎలా చేరాలి అనేది నమూనా తీసిన రోజే తేల్చుకోవాలి. ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఏ వేళకు చేస్తే ఆవిడే తీస్తుంది? సందేశం పంపొచ్చా? ఒకే ఫోన్ నలుగురు వాడే ఇంటికి పరీక్ష పేరుతో సహా సందేశం పోతే జరిగే నష్టాన్ని మళ్లీ సరిచేయలేం. ఏమీ లేదని వచ్చినవాళ్లకు కూడా తప్పకుండా చెప్పాలి. ‘ఏమైనా ఉంటే పిలుస్తాం’ అనే పద్ధతిలో ఫోన్ మోగినప్పుడల్లా గుండె జారుతుంది. వీలుంటే గంటలోనే ఫలితం ఇచ్చే యంత్రాలు వాడండి. అదే పూట పరీక్ష, అదే పూట చూడడం, అదే పూట వైద్యం అయితే మనిషి చేజారదు.

2020 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు లక్ష్యాలు పెట్టింది: 15 ఏళ్లలోపు 90 శాతం ఆడపిల్లలకు టీకా, 35 ఏళ్లు వచ్చేలోపు ఒకసారి, 45 ఏళ్లు వచ్చేలోపు మళ్లీ ఒకసారి 70 శాతం స్త్రీలకు మంచి పరీక్ష, జబ్బు బయటపడ్డ వాళ్లలో 90 శాతానికి వైద్యం. సభల్లో మొదటి రెండింటి గురించే మాట్లాడుకుంటాం. వైరస్ ఉందని తెలిసీ తిరిగి రాని ఆవిడకు మనం పరీక్ష చేసి మేలు చేయలేదు, దిగులు ఇచ్చి పంపాం. వైరస్ ఉండి, చూస్తే మార్పేమీ కనపడని వాళ్లను 24 నెలల తర్వాత మళ్లీ రమ్మంటాం. మనకది ప్రమాణం. ఆవిడకు, ‘నీలో ఏదో ఉంది, రెండేళ్లు ఊరికే కూర్చో’ అన్నట్టు. ఆ వ్యవధిలో వైరస్ పోయే అవకాశమే ఎక్కువని, అందుకే ఒంటిని అనవసరంగా కెలకడం లేదని విడమరిచి చెప్పాలి.

ఇక చివరిది, మాన్యువళ్లలో ఒక్క వాక్యంగా ఉండేది. మార్పు కనపడితే థర్మల్ అబ్లేషన్ చేస్తారు: వేడెక్కిన చిన్న ప్రోబ్‌ను కనీసం 100 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 సెకన్లు ఆనిస్తారు. క్రయో, అంటే అతి చల్లదనంతో చేసే వైద్యం అయితే 3 నిమిషాలు గడ్డకట్టించి, 5 నిమిషాలు వదిలి, మళ్లీ 3 నిమిషాలు. వైద్యం అంతే. ఆ తర్వాత కొన్ని వారాలు నీళ్లలా స్రావం పోతుంది, పచ్చి పుండు మానాలి కాబట్టి నెల రోజులు కలయిక వద్దంటాం. ఆ నెల రోజులు ఆవిడ చేతిలో ఉన్నాయా? ఇంట్లో చెప్పకుండా పరీక్షకు వచ్చిన మనిషి ఇప్పుడు ఏం చెప్పి నెల రోజులు ఆపగలదు? చాలామంది వైద్యం రోజు మాయమయ్యేది సూదికో మంటకో భయపడి కాదు, ఈ నెల రోజులకు.

కాబట్టి ఈ విషయం బల్ల దిగాక చెప్పేది కాదు, వైద్యానికి ఒప్పుకునే ముందే చెప్పేది. భర్తతో ఎవరు మాట్లాడాలి అని ఆవిడనే అడగండి. ఆవిడ సరేనంటే మీరే చెప్పండి, ‘లోపల చిన్న చోట వైద్యం చేశాం, ఆ పుండు మానేదాకా నెల రోజులు కలయిక వద్దు’ అని. అబద్ధం కాదు, అంతకు మించి ఆయనకు చెప్పాల్సిన పనీ లేదు. డాక్టరు సంతకంతో అదే మాట చీటీ మీద రాసిచ్చినా నోటితో చెప్పలేనిది కాగితం చెబుతుంది. ఎంత చేసినా ఆపలేని పరిస్థితి అయితే కండోమ్‌లు చేతిలో పెట్టి పంపండి, ప్రతిసారీ వాడమనండి. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షకు రావాల్సిన తేదీ ఆ చీటీ వెనకే వేయండి.

ప్రశ్నలుంటే అడగండి. పైకి అడగలేనివాళ్లు కాగితం మీద రాసి, పేరు లేకుండా, ఆ డబ్బాలో వేయండి. టీ విరామం అయ్యాక చదివి జవాబు చెబుతాను.